భోజనాల బల్ల మీద మూడు మోటార్లు

"వేళవుతోంది, ఆ సామాను తీసేస్తావా అమ్మాయ్," అంది మా అత్తయ్య, చేతిలో పళ్ళేలతో నా వెనక నిలబడి.

సామాను అంటే మూడు మోటార్లు, అరచేతిలో పట్టే ఒక పచ్చ బోర్డు, వాటిని కలిపే వైర్లు, ఒక చిన్న దీపం, నా లాప్‌టాప్. ఆవిడ గొంతులో కోపమేం లేదు. ఆరిన బట్టలు తియ్యమన్నంత మామూలుగా అంటుంది. నేనూ అంతే మామూలుగా కరెంటు తీసేసి, మోటార్లు బూట్ల అట్టపెట్టెలో సర్ది, బల్ల తుడిచాను. తుడిచిన బల్ల మీద పళ్ళేలు పెట్టి, వడ్డించి, అందరూ లేచాక మళ్ళీ తుడిచి, మళ్ళీ అట్టపెట్టె తెరిచాను. పొద్దున ఫలహారానికోసారి, మధ్యాహ్నం భోజనాలకోసారి, సాయంత్రం టీలకోసారి ఇదే తంతు.

బల్ల తుడవడం ఒక కష్టమా, కాదు. నా బాధంతా వేరు. కరెంటు తీసిన మరుక్షణం ఆ బోర్డు తానెక్కడుందో మర్చిపోతుంది. పొద్దుట్నుంచీ లెక్కపెట్టుకుంటూ వచ్చిందంతా పోతుంది. మళ్ళీ ప్లగ్గు పెట్టగానే కొత్తగా కళ్ళు తెరుస్తుంది, అంచులెక్కడో, సున్నా ఎక్కడో తెలియకుండా. అంచుల దగ్గర ఉండాల్సిన బుల్లి స్విచ్‌లను నేనే వేలితో నొక్కి, ఇదిగో ఇది నీ ఎడమ అంచు, ఇది నీ ముందు అంచు అని చెప్పాలి. అప్పుడది సున్నా నుంచి మొదలుపెడుతుంది. దానితో పాటు నేనూనూ.

నా పనేమిటో చెప్పాలి. కంప్యూటర్లో గీసిన బొమ్మ ప్రకారం లోహాన్నీ, చెక్కనీ కోసే సీఎన్‌సీ యంత్రాలుంటాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మా కంపెనీ తయారుచేస్తుంది. సాఫ్ట్‌వేర్ 'ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళు' అంటుంది. ఆ మాటను మోటార్లకు అర్థమయ్యేలా విడమర్చి చెప్పేది మోషన్ కంట్రోలర్, అంటే ఈ పచ్చ బోర్డు. ఇది కొత్త రకం. మా సాఫ్ట్‌వేర్‌కి దీంతో మాట్లాడటం రాదు. నేర్పడం నా వంతు. పాప పుట్టాక సగం జీతం మీద ఇంటి నుంచే పని చేస్తానన్నందుకు, ఇన్నేళ్ళూ నాకిచ్చినవి సహాయం పేజీలు. ఈ బటన్ నొక్కితే ఏమవుతుంది, ఆ బటన్ నొక్కితే ఏమవుతుంది అని రాసే పని. ఈ బోర్డు వచ్చినప్పుడు ఆఫీసులో ఎవరికీ తీరిక లేకపోయింది. ఖాళీగా ఎవరున్నారా అని వెతికితే నేను కనిపించాను. పొద్దున లేచింది మొదలు కూర్చోడానికి చోటు దొరకని నేను.

మొదటిసారి మోటారు తిరిగిన రోజు మాత్రం నేను మర్చిపోలేను. మోటార్లకు మూడు రంగుల కాగితం జెండాలు అంటించాను, తిరిగేది కంటికి తెలియడానికి. ఎడమ కుడికి ఎర్రది, ముందూ వెనక్కి నీలిది, కిందికీ పైకీ పసుపుపచ్చది. ఒక వాక్యం రాసి పంపాను. ఎర్ర జెండా వణికి, మెల్లగా పావు చుట్టు తిరిగి, నేను చెప్పినచోట ఆగింది. నేను రాసిన అక్షరాలకు ఒక ఇనుప కడ్డీ కదిలింది. ఈ ఇంట్లో నా మాటకు కుర్చీ కూడా జరగదు. లేచి గదిలో రెండుసార్లు తిరిగొచ్చి, అదే వాక్యం మళ్ళీ పంపాను. మళ్ళీ కదిలింది.

ఇంకో రోజు వృత్తం గియ్యమన్నాను. ఎర్ర జెండా వేగంగా బయల్దేరి, నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరిగింది. అది ఆగిన క్షణానికి నీలిది మంచి జోరు మీద ఉంది. నీలిది ఆగేసరికి ఎర్రది జోరందుకుంది. యంత్రంలో ఈ రెండూ తిన్నని పట్టాల మీదే నడుస్తాయి. ఒకటి అటూ ఇటూ, ఇంకొకటి ముందుకూ వెనక్కూ, అంతే. గుండ్రంగా తిరిగేది రెండింట్లో ఏదీ లేదు. గుండ్రనిది ఆ రెండింటి మధ్య పుడుతుంది. ఇది నాకు కాలేజీలో లెక్కగా తెలుసు. జెండాల్లో చూస్తే ఒళ్ళు జలదరించింది. కాకపోతే ఆ వృత్తం బల్ల మీద లేదు, నా తలలో ఉంది. దాన్ని నిజంగా గీసే యంత్రాన్ని నేనెప్పుడూ చూడనే లేదు.

"అయిందా బొమ్మలాట?" అన్నాడు మా ఆయన అటుగా పోతూ. ఆయనకు నేను ఎదురుగా మీరు అంటాను. ఇక్కడ మాత్రం అన్నాడనే రాస్తున్నాను, అదో చిన్న సుఖం. "నీకేంటి, హాయిగా ఇంట్లో కూర్చుని చేసే పని," అనేది ఆయన ఇంకో మాట. నేను హాయిగా ఎప్పుడు కూర్చున్నానో చెప్పమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగేలోపు ఏదో ఒకటి పొయ్యి మీద మాడుతూ ఉండేది.

పని పూర్తయిందనుకుని ఇంకో బోర్డును ఒక వర్క్‌షాపులో బిగించారు. ఆ వర్క్‌షాపు నడిపే ఆవిణ్ణి అందరూ అక్క అంటారు. పాత కంట్రోలర్ కాలిపోయి ఆవిడ యంత్రం చాన్నాళ్ళుగా ఊరికే నిలబడి ఉంది. "నీకెందుకు ఇబ్బంది, మన కళ్ళజోడు వెళ్తాడు," అన్నాడు మా బాస్. కళ్ళజోడంటే నాకన్నా చాలా తర్వాత చేరి, నాకన్నా పై కుర్చీలో కూర్చున్న అతను. మధ్యాహ్నానికి నా ఫోనుకు వీడియో వచ్చింది. యంత్రం అల్యూమినియం పలకలో పొడవాటి గాడి కోస్తోంది. సగం దూరం వెళ్ళాక కోసే బిట్టు గిర్రున తిరగడం మానేసింది. ముందుకు పోవడం మాత్రం మానలేదు. తిరగని బిట్టును యంత్రం అలాగే లోహంలోంచి ఈడ్చుకుపోయింది. బిట్టు టప్పున విరిగింది. వెనకనుంచి ఒక ఆడగొంతు ఓ మాట అంది. అది ఇక్కడ రాయలేను.

"ఇంట్లో బాగానే నడుస్తోందన్నావ్," అన్నాడు బాస్ ఫోన్లో. "గురువారం మళ్ళీ చూపిస్తామని అక్కని ఒప్పించాను. ఈసారీ తేడా వస్తే బోర్డు మా మొహాన కొడుతుంది. అప్పుడిక ఈ పని కళ్ళజోడుకిచ్చేస్తాను. నువ్వు మళ్ళీ నీ పేజీలు చూసుకుందువుగాని. తప్పుగా అనుకోకు."

తప్పుగా ఏమీ అనుకోలేదు. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని కాదు, ఆ మూడు జెండాలు నా చేతుల్లోంచి పోతాయని. ఒక బటన్ నొక్కితే ఏమవుతుందో రాస్తూ మిగతా జీవితం గడపాలి. నొక్కితే అది ఎలా అవుతుందో నాకు తెలిసిపోయాక అదెలా కుదురుతుంది? రాసిందంతా మళ్ళీ మొదట్నుంచి చదివాను. మోటార్లు మళ్ళీ మళ్ళీ నడిపాను. అన్నీ చక్కగా ఉన్నాయి. ఏదో అందినట్టే అనిపించేసరికి వెనకనుంచి "వేళవుతోంది" అని వినిపించేది. అంతే, అట్టపెట్టె.

బుధవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టాను. మేడ మీద బట్టలున్నాయి. మా ఆయన వంటగది గుమ్మం పక్కనే కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు.

"పాలు పొంగు రాగానే స్టవ్ కట్టేయండి, నేను పైకెళ్ళి బట్టలు తెచ్చుకుంటాను."

"సరే."

బట్టలతో మెట్లు దిగుతుంటేనే మాడు వాసన. పాలు స్టవ్ నిండా పారి, గట్టు మీంచి కిందికి కారుతున్నాయి. ఆయన అదే కుర్చీలో, అదే ఫోనుతో ఉన్నాడు.

"సరే అన్నారు కదా?" అన్నాను.

"అన్నాను. కట్టేద్దామనే అనుకుంటున్నా, ఇంతలో నువ్వొచ్చేశావ్."

అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. రెండో తుడుపుకి చెయ్యి ఆగిపోయింది. ఆయన అబద్ధం ఆడలేదు. నా మాట చెవిన పడింది, పడిందని చెప్పాడు, అంతవరకు నిజమే. పని అయిపోయిందని ఆయన అనలేదు. ఆ మాటను అయిపోయినట్టే జమకట్టుకుని మెట్లెక్కింది నేను. ఇన్నేళ్ళుగా అలాగే జమకట్టుకుంటున్నాను. ఆ బోర్డుతోనూ అదే చేశాను.

గుడ్డ అక్కడే పడేసి బల్ల దగ్గరికి పరిగెత్తాను. పొడవాటి గాడిని నేను ఎన్నో చిన్న మాటలుగా పంపుతాను. 'చివరిదాకా వెళ్ళు' అనే ఆఖరి మాటకు, ముందువి సగం మిగిలి ఉండగానే బోర్డు సరే అంటుంది. మాట అందిందని దాని అర్థం. ఆ మాటను తన వరసలో పెట్టుకుని నిదానంగా చేస్తుంది. నేనేమో అది చివరికి చేరిపోయిందనుకుని, వెంటనే 'బిట్టు ఆపెయ్' అంటున్నాను. ఆపడానికి వరస లేదు, చెప్పగానే ఆపుతుంది. ఇంట్లో నాకు బిట్టు లేదు, దానికి బదులు ఆ చిన్న దీపం. దీపం వెలిగితే తిరుగుతున్నట్టు, ఆరితే ఆగినట్టు. మరి ఇన్నాళ్ళూ ఇది నా కంట ఎందుకు పడలేదు? ఎందుకంటే నేను నడిపేవన్నీ కురచ ముక్కలు. రెండు వడ్డనల మధ్య పొడవాటివి నడిపే వ్యవధి నాకెప్పుడూ లేదు. బల్ల ఖాళీ చెయ్యాలి కాబట్టి ప్రతిదీ చిటికెలో అయిపోయేట్టు పెట్టుకున్నాను. చిటికెలో అయిపోయేదానికి సరే అనడమూ, పూర్తవడమూ దాదాపు ఒకేసారి జరుగుతాయి.

ఈసారి యంత్రంలో కోసినంత పొడవు గీత ఇచ్చాను. కాసేపట్లో దీపం ఆరిపోయింది. ఎర్ర జెండా ఇంకా తాపీగా తిరుగుతూనే ఉంది. బిగ్గరగా నవ్వాను. ఏమైందని అత్తయ్య గదిలోంచి తొంగిచూసింది.

బోర్డును రెండో ప్రశ్న అడగాలి. అందిందా అని ఒకటి, పూర్తయిందా అని ఇంకొకటి. అడిగితే అది నిజమే చెబుతుంది, ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా. ఆ ప్రశ్నకు జవాబిచ్చే ఏర్పాటు దానిలో మొదట్నుంచీ ఉంది, నేను అడగలేదంతే. ఇంట్లో ఎందుకు అడగనో కూడా తెలుసు. ఇంట్లో రెండోసారి అడిగితే దాని పేరు నస. ఒకసారి చెప్పావుగా, ఎన్నిసార్లంటావ్, బుర్ర తినకు. ఆ మాట పడలేక ప్రతి పనీ నేనే చేసేసుకోవడం అలవాటైంది. పని పూర్తయిందో లేదో అడగడం నా ఉద్యోగంలో కనీస ధర్మం, నా ఇంట్లో నోటి దురద. ఈ తేడా ఇన్నేళ్ళూ నాకు వింతగా తోచకపోవడమే వింత. ఆ రోజు స్టవ్ మళ్ళీ తుడవలేదు. పాలు ఎండి అట్ట కట్టాయి.

దిద్దిన కోడ్ పంపించాక బాస్ సంతోషించాడు. "రేపు కళ్ళజోడు తీసుకెళ్తాడు."

"నేనే వెళ్తాను సర్."

"ఇంట్లో కుదురుతుందా?"

"కుదురుతుంది," అన్నాను, కుదరదని తెలిసీ. గురువారం మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వస్తున్నారు.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "రేపు నేను వర్క్‌షాపుకి వెళ్తున్నాను. వంట మీరు చెయ్యాలి."

"సరే," అన్నాడు ఫోనులోంచి.

నేను కదల్లేదు. "ఏం వండుతారు?"

తలెత్తాడు. "అంటే?"

"కూరగాయలు ఇప్పుడు తెస్తారా, పొద్దున తెస్తారా?"

"నువ్వు మధ్యాహ్నానికి వచ్చేస్తావేమో అనుకున్నా."

"రాను."

"నస మొదలెట్టావా?"

"అవునండీ," అన్నాను. "మొదలెట్టాను. కూరగాయలు ఎప్పుడు తెస్తారు?"

ఆయన కాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, లేచి సంచీ వెతుక్కున్నాడు. సంచీ ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

గురువారం పాపని బడిలో దింపి, నా అట్టపెట్టె చంకన పెట్టుకుని వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాను. యంత్రం మా వంటగదంత ఉంది. నూనె వాసన, చల్లటి ఇనుము, గోడకు వరసగా వేలాడే పనిముట్లు. మూలన ఒక ఖాళీ బల్ల. అక్క నాకన్నా పెద్దది, దిట్టంగా ఉంది, ముంజేతుల దాకా నూనె మరకలు.

"బిట్టు విరగ్గొట్టింది నువ్వేనా?" అంది.

"నేనేనండీ."

"సరే రా, ఇవాళ ఏం విరగ్గొడతావో చూద్దాం," అని యంత్రాన్ని ఉన్నపళంగా ఆపే ఎర్ర బటన్ దగ్గర నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించింది. "ఏమనుకోకు. మొదటిసారి నడిపేటప్పుడు నేను ఎవర్నీ నమ్మను."

కరెంటు ఇచ్చాను. యంత్రానికి తానెక్కడుందో తెలియదు. నా బల్ల మీదైతే ఇప్పుడు నేను వేలితో స్విచ్ నొక్కాలి. ఇక్కడ నా వేలు అక్కర్లేదు. అంత పెద్ద ఇనుప దూలం, చీకటి గదిలో గోడ తడుముకునే మనిషిలా, మెల్లగా ఎడమకు జరిగింది. అంచు తగలగానే ఆగి, కాస్త వెనక్కొచ్చి, మరింత మెల్లగా ఇంకోసారి తాకి నిర్ధారించుకుంది. తర్వాత ముందు అంచు. తర్వాత పైది. ఆ రెండోసారి తాకడం నేను రాసిందే, ఏదో ఒక మధ్యాహ్నం, కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ. ఇంత గంభీరంగా ఉంటుందని నాకు తెలియదు. సున్నా దొరికిందని తెర మీద కనిపించింది.

గాడి మొదలైంది. బిట్టు లోహంలోకి దిగి, వెండిపొట్టు చిమ్ముకుంటూ కదిలింది. మొన్న విరిగిన చోటు దగ్గరపడింది. అక్క చెయ్యి బటన్ మీద బిగుసుకుంది. ఆ చోటు దాటింది. బిట్టు తిరుగుతూనే ఉంది. గాడి చివరిదాకా వెళ్ళి ఆగింది, ఇంకా తిరుగుతూనే ఉంది. పైకి లేచింది. పూర్తయిందా అని నా కోడ్ అడిగింది, పూర్తయిందని బోర్డు చెప్పింది, అప్పుడు గానీ బిట్టు తిరగడం ఆపలేదు.

అక్క చెయ్యి తీసేసింది. తీసి, ఒక గుడ్డకు తుడుచుకుంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకెవరూ ఇవ్వలేదు.

"ఇంకేమైనా కోయిస్తావా?" అంది.

"వృత్తం," అన్నాను.

కింద బల్ల ముందుకూ వెనక్కూ, పైన దూలం అటూ ఇటూ. రెండూ తిన్నని పట్టాల మీదే. మధ్యలో, మెరిసే పలక మీద, ఏ వంకరా లేని ఒక గుండ్రం విచ్చుకుంది. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. కలిసిన చోటు ఎక్కడో వేలు పెట్టి వెతికినా దొరకలేదు. ఇన్నాళ్ళూ నా తలలోనే ఉన్న వస్తువు ఇప్పుడు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఇది నేను చేశాను. పళ్ళేలు పెట్టే బల్ల మీద, వేళ కాని వేళల్లో, ఇంత చేశాను. నా మీద నాకు అంత ఆశ్చర్యం ఎప్పుడూ కలగలేదు.

ఫోను మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్, పెద్ద గరిటె ఎక్కడ పెట్టావ్?"

"ఎవరు వండుతున్నారు అత్తయ్యా?"

"వాడే. ఉప్పు రెండుసార్లు వేశాడు. మీ ఆడపడుచు పక్కన నిలబడి ఒకటే నవ్వు."

గరిటె ఎక్కడుందో చెప్పాను. ఆవిడ ఫోను పెట్టలేదు. "నీ యంత్రం నడిచిందా?" అంది.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "నడిచింది అత్తయ్యా," అన్నాను.

"పెద్దదా?"

"మన వంటగదంత."

"అమ్మో," అంది ఆవిడ. "గరిటె దొరికింది, ఉంటా," అని పెట్టేసింది.

తర్వాత బాస్ ఫోను. "అదరగొట్టావ్. అక్క ఇప్పుడే ఫోన్ చేసి, రెండో యంత్రానికి కూడా ఇదే బోర్డు పెట్టిస్తానంది. ఆ పనీ నీకే. ఎప్పట్లాగే ఇంటి దగ్గరే కూర్చుని చేసుకో, నీకు సుఖం."

"ఇంటి దగ్గర కాదు సర్. ఇక్కడే చేస్తాను. రోజంతా. జీతం సంగతి రేపు మాట్లాడదాం."

ఇంటి సంగతేంటని ఆయన అడిగేలోపు నేనే అన్నాను. "ఇంటి సంగతి ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుంటాను."

అక్క అంతా వింటూనే ఉంది. మూలనున్న ఖాళీ బల్ల మీది పొట్టు చీపురుతో తోసేసింది. "ఇది సరిపోతుందా?"

అట్టపెట్టె తెరిచాను. మోటార్లు బల్ల మీద పెట్టి, జెండాలు సరిచేసి, బోర్డుకు కరెంటు ఇచ్చాను. వేలితో స్విచ్‌లు ఒక్కొక్కటే నొక్కాను. ఇది నీ ఎడమ అంచు, ఇది నీ ముందు అంచు. అది సున్నా పట్టుకుంది. పొడవాటి ప్రోగ్రాం ఒకటి ఇచ్చి, జెండాలు తిరుగుతుంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం అక్క షట్టర్ దించడానికి తయారై, దీపాలార్పుతూ నా బల్ల దగ్గరికొచ్చింది. ప్లగ్గు మీద చెయ్యి వేసి అడిగింది. "ఇది తీసేయనా?"

"వద్దక్కా, ఉండనీ," అన్నాను. "రేపు నేను వచ్చేసరికి, అది ఎక్కడుందో దానికి గుర్తుండాలి."